దస్తగిరి మామ నోరు

దస్తగిరి మామను చంపినోడు పలకల ఫ్యాక్టరీ యజమాని శేషగిరి. తడిసిన పలకలు ఆరేదాకా ఆగలేక, కోత మిషన్ మీద పడే నీళ్లను కట్టేయించినాడు. అప్పట్నుంచి మామ పొడి రాయే కోసినాడు, ఆ దుమ్మే పీల్చినాడు. ఇప్పుడేమో బీడీలు తాగి పోయినాడని యజమాని మార్కాపురమంతా చెప్పుకుంటున్నాడు.

మామ మంచం పట్టినప్పుడు ఆయన ముఖాన్ని చెక్క మీద చెక్కినా. ఒకప్పుడు జర్మనీ కళాకారులు కడుపులో కోపమంతా ఇట్లనే వంకర ముఖాలుగా చెక్కి అచ్చేసినారని చదివినా. ముఖంలో సగం నోరే పెట్టి, నినాదం అరుస్తున్నట్టు నల్లగా అచ్చు తీసి చూపించినా.

మామ నవ్వబోయి దగ్గినాడు.

"నన్ను దయ్యాన్ని చేసినావేందిరా అల్లుడా! నేనెప్పుడన్నా అరిచినానా?"

"ఇప్పుడన్నా అరవాల మామా. అందుకే అంత నోరు పెట్టినా."

"నోరు సరిగ్గానే ఉందిలే. గాలి కోసం అంతే తెరుస్తా. రంగే తప్పు. నా నోట్లో నలుపు యాడిది? అంతా తెల్లటి రాతి పిండే గదా."

ఉలి తీసుకొని చెక్క మీద ఆ నోరంతా తవ్వేసినా. తవ్విన చోట రంగు అంటదు, కాగితం తెల్లగానే మిగులుతాది.

మామ పోయినాక గడ్డం కింద గుడ్డ కట్టి ఆ నోరు మూసినాం. ఈ కార్డు తిప్పి వెనకేసిన అచ్చు చూడండి, అక్కడ తెరిచే ఉంది.

శుక్రవారం పొద్దున పదింటికి ఫ్యాక్టరీ గేటు కాడికి రండి. ఎవరూ అరవొద్దు. నోళ్లు తెరుచుకొని నిలబడదాం.