ఇంజను ఆపే ముందు

“అన్నీ కొత్తవి వేసి టర్బో ఒక్కటీ పాతదే ఉంచమంటావేంటి తల్లీ?”

మెకానిక్ చేతిలోని స్పానర్‌ని బెంచీ మీద పెట్టి ఆమె వంక వింతగా చూశాడు. ఆమె పాపని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది. ఎదురుగా రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు, బానెట్ తెరుచుకుని, బోసినోరులా ఉంది. దించేసిన ఇంజను పక్కనే గొలుసుకి వేలాడుతోంది.

ఆమె భర్తకి ఆ కారంటే ప్రాణం. పెళ్లికి ముందే కొన్నాడు. ఇప్పుడు దాన్ని మరకి మర విప్పించి, పిస్టన్ల దగ్గర్నుంచి, ఇంజనుకి గాలి ఊది జోరు పెంచే టర్బో దాకా మార్పించి, షోరూములో బళ్లని తలదన్నేలా తయారు చేయిస్తున్నాడు.

“కొత్త టర్బో వేస్తే ఆయన ఇంటి ముందు ఆగి కార్లో కూర్చోనక్కర్లేదంట కదా బాబాయ్?” అంది.

“అవును మరి! పాతదాన్ని చల్లబరిచేది నూనె ఒక్కటే. జోరుగా నడుపుకొచ్చి టక్కున ఆపేశామనుకో, లోపల నూనె మాడిపోయి బేరింగు పాడవుతుంది. అందుకే బండి ఆగాక కూడా కాసేపు ఇంజను ఆడనివ్వాలి. కొత్తదాంట్లో నీళ్లు కూడా తిరుగుతాయి. తాళం తిప్పడం, దిగిపోవడం, అంతే.”

“అదే వద్దంటున్నాను. ఆ కాసేపూ ఉండాలి.”

మూల నుంచి వెల్డరు నల్లకళ్లజోడు నెత్తి మీదికి తోసుకున్నాడు. “మొగుడు తొందరగా ఇంట్లోకి రావాలనుకునే ఆడవాళ్లని చూశాం గానీ, వీధిలో కూర్చోబెట్టమనే ఇల్లాలిని ఇప్పుడే చూస్తున్నా!”

“నీ నోటికి కూడా ఓ టాకా వేసుకోరా, షెడ్డు ప్రశాంతంగా ఉంటుంది,” అన్నాడు మెకానిక్.

ఆ విసురుకి ఆమె కూడా నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

“కారు మలుపు తిరగగానే పాపకి తెలిసిపోతుంది బాబాయ్. ఎంత నిద్రలో ఉన్నా లేచి నా మెడ పట్టేసుకుంటుంది. ఇంటి ముందు ఇంజను ఆడుతుంటే నేను చేస్తున్న పని అక్కడే వదిలేసి, దీని సంగతి చూసుకుని, జుట్టు ముడేసుకుని వెళ్లి తలుపు తీస్తాను. రోజు మొత్తం మీద నాదనేది ఆ కాసేపే.”

మెకానిక్ మొహం మెత్తబడింది.

“మీ పిన్నీ ఇంతే. నా స్కూటరు చప్పుడు వీధి చివరే గుర్తుపట్టేది. ఇప్పుడు ఎంత హారన్ కొట్టినా తలుపు తీసే మనిషి లేదు.” మెడలోని గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. “బండి షెడ్డుకెక్కాక నువ్వు మరీ చిక్కిపోయావమ్మా.”

“ఆయన నడిచి వస్తున్నారు కదా. ఎప్పుడొచ్చేదీ తెలియడం లేదు. చెవులు వీధిలో పెట్టుకుని కూర్చుంటున్నాను.”

వెల్డరు చేతిలోంచి ఇనుప కడ్డీ జారి ఖంగున పడింది. పాప ఉలిక్కిపడింది కానీ ఏడవలేదు. తల్లి మెడలో మొహం దాచుకుంది.

“చూశావా, కిక్కురుమనలేదు! కార్లున్న ఇంటి పిల్ల మరి,” అని వెల్డరు మెచ్చుకున్నాడు.

మెకానిక్ తల గోక్కున్నాడు. “కొత్త టర్బో సారే ఏరికోరి తెచ్చుకున్నారు. వేయనంటే ఊరుకోరు తల్లీ.”

“వేసేయండి. వేసినా సరే, ఆపే ముందు కాసేపు కూర్చోవాలని మాత్రం చెప్పండి. మీరు చెబితే వింటారు. నేనొచ్చానని చెప్పకండి బాబాయ్, మీకు పుణ్యముంటుంది.”

“అబద్ధమాడమంటావు!” అని నవ్వాడాయన. ఆమె కళ్లు చూసి నవ్వు ఆపేశాడు. “సరేలే. కాసేపు కూర్చుంటే ఇంజనుకి చెడేం లేదు. అలాగే చెబుతాను, వెళ్లిరా.”

కారు చేతికొచ్చే రోజున ఆమెకి పొద్దున్నుంచీ గుండె కాస్త తేలిగ్గా ఉంది. చాన్నాళ్లకి పాపకి కథ చెప్పి నిద్రపుచ్చింది. సాయంత్రం అన్నం వారుస్తుంటే ఫోన్ మోగింది.

“తల్లీ, బండి అప్పగించేశాను. ఎంత బాగా కుదిరిందనుకున్నావు!”

“చెప్పారా బాబాయ్?”

“చెప్పకుండానా? కానీ సార్‌కి అన్నీ తెలుసు. నీళ్లతో చల్లబడేదానికి ఇంకా కూర్చోవడమేంటని నిలదీశారు. నా మొహాన అబద్ధం ఎక్కడ నిలుస్తుంది! అసలు సంగతి చెప్పేశాను.”

ఆమె చేతిలో గిన్నె కదిలి గంజి కాలి మీద ఒలికింది. కాలిన సంగతి తెలియలేదు.

“ఏం చెప్పారు?”

“నువ్వొచ్చి బతిమాలిన సంగతే. ఇంత ప్రేమగా ఎదురుచూసే ఇల్లాలు ఎందరికి దొరుకుతుంది సార్ అన్నాను. ఎంత నెమ్మది మనిషమ్మా! గొంతు కూడా పెంచరు కదా. నవ్వి, ‘అలాగా? ఇక దాన్ని ఎదురుచూడనివ్వనులే’ అని తిన్నగా ఇంటికే బయల్దేరారు. నాకైతే కడుపు నిండిపోయింది తల్లీ.”

వీధి మలుపులో సన్నటి ఈల వినిపించింది. కొత్త టర్బో ఈల, పాతదానికంటే పదునుగా ఉంది. మంచం మీద పాప లేచి కూర్చుంది. ఆమె ఫోన్ వదిలేసి పరుగెత్తి పాపని ఎత్తుకుంది. కారు ఇంటి ముందు ఆగింది. ఇంజను కూడా అప్పుడే ఆగిపోయింది.

ఆమె పెరటి గుమ్మం చేరేలోగా, తన వెనకాల వీధి తలుపు తెరుచుకుంది.

రోజూ ఆ కాసేపట్లోనే ఆమె పాపని గోడ మీంచి పక్కింటామెకి అందించేసి, దెబ్బలకి ఒక్కతే నిలబడేది.