వాయిదా పడిన రక్తపరీక్ష

“మళ్ళీ వాయిదానా?” టైలరు కుట్టు మధ్యలోనే తొక్కడం ఆపేశాడు. “వాళ్ళది ల్యాబా, కోర్టా?”

“నన్నంటే ఏం లాభం? మిషన్ ఇంకా బాగవలేదట. వచ్చే నెల చూద్దామన్నారు.” భార్య కూరల సంచీ దించి, కాజాలు కుట్టాల్సిన చొక్కా అందుకుంది.

“నా మిషన్ ఆగితే పూటలో బాగుచేసుకుంటాను. వాళ్ళకి నెలలకు నెలలా? ఫోన్ చేస్తే ఎత్తి చావరు. వేరేచోట ఇచ్చేస్తానే.”

“పాత రిపోర్టులతో పోల్చాలి, అక్కడే ఇమ్మన్నారు కదా డాక్టరుగారు.”

ఆయన తొందర దేనికో ఆవిడకు తెలుసు. రక్తం ఇచ్చేదాకా చుక్క ముట్టడు. ఇచ్చిన సాయంత్రమే సీసా మూత తీస్తాడు. ఒకసారి తాగిన మర్నాడే పరీక్షకు వెళితే, గొట్టంలో రక్తం పైన మీగడలా కొవ్వు తేలింది. “షుగరున్న మనిషి మీరు. ఇలాగే తాగితే ఈ కొవ్వు ప్రాణం మీదికి తెస్తుంది” అన్నాడు డాక్టరు. అందులోంచి ఆయన నేర్చుకున్నది ఒక్కటే, పరీక్షకు ముందు మానేయాలని. ఆ తర్వాతి రిపోర్టులన్నీ బుద్ధిమంతుడివే. వాటిని ఆవిడ మొహం ముందు ఆడించి మరీ తాగేవాడు. మంచి రిపోర్టు వచ్చిందంటే ఆవిడ గుండె జారిపోయేది.

“ఎన్నాళ్ళే ఇలా నోరు కట్టుకుని కూర్చోవడం? అలమరలో సీసా నన్ను చూసి నవ్వుతోంది.”

“మీరూ నవ్వండి, పోయేదేముంది.”

“నీకు వేళాకోళంగా ఉంది.” విసురుగా లేచి చెప్పులు వేసుకున్నాడు. “నేనే వెళ్ళి కడిగిపారేసి వస్తాను. రక్తం వాళ్ళు తీస్తారో, నన్నే తీసుకోమంటారో ఇవాళ తేలిపోవాలి.”

“ఎండలో ఎందుకండీ? ఆ పంట్లాం సాయంత్రానికి ఇవ్వాలి కదా.”

“వచ్చి కుడతాను.”

ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. సాయంత్రం మోగబోయే సీసా మూత చప్పుడు అప్పుడే చెవిలో పడుతున్నట్టుంది. దారం ఎక్కించబోతే సూది కన్ను దొరకలేదు. ఈమధ్యే ఆయన చేతివణుకు తగ్గింది. అన్నం తింటూ ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు. ఈ పూటతో అదంతా సరి అనుకుంది.

ఆయన తొందరగానే తిరిగొచ్చాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు ఇస్తూ ఆవిడ మొహంలోకి ఓసారి చూశాడు.

“ఏమన్నారు?” అంది ఆవిడ.

“ఏమంటారు. మిషన్ బాగవలేదట. వచ్చే నెలా అనుమానమేనట.”

“దెబ్బలాడారా?”

“ఎవరితో దెబ్బలాడతాం?” పంట్లాం గుడ్డ సూది కిందికి జరిపి, చక్రం మీద చెయ్యి వేశాడు. “అటు వెళ్ళినప్పుడల్లా నువ్వే కనుక్కుంటూ ఉండు.”

ఆ ల్యాబు పోయిన వేసవిలోనే మూతపడింది.