గాలి దీవి మాట

పరిచయాలు సగంలో ఉండగా కరెంటు పోయింది.

అది రెండువేల ఎనిమిది, జూన్ నెల. ఢిల్లీ సాకేత్‌లోని ఆ ప్రభుత్వ ఆఫీసులో జనరేటరు అందుకునేలోగా అందరి చొక్కాలూ తడిసిపోయాయి.

మైథిలి పక్కన కూర్చున్న ముసలాయన మాత్రం కదల్లేదు.

"మాకలవాటేనమ్మా," అన్నాడు మెల్లగా.

అండమాన్ వైపు నాలుగు చిన్న దీవుల నుంచి ఐదుగురు వచ్చారు. నలుగురికి హిందీ వచ్చు. ఈయనకు తెలుగొక్కటే. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వెళ్లిన కుటుంబమట. అందుకే టైపు సెక్షన్‌లో ఉన్న మైథిలిని పిలిచి ఆయన పక్కన కూర్చోబెట్టారు.

"మీరేం చేస్తారు తాతగారూ?"

"పడవ నడుపుతానమ్మా."

మిగతావాళ్లను ఓడ దాకా చేర్చి, ఢిల్లీ చూద్దామని వెంట వచ్చాడనుకుంది మైథిలి.

లైట్లు వెలిగాయి. డైరెక్టరు మాథుర్ గడియారం చూసుకున్నాడు.

"ఠీక్ హై. పరిచయాలు చాలు, విషయానికి రండి."

వాళ్లతో వచ్చిన ఇంజినీరు సుధీంద్ర తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పుకుపోయాడు. నాలుగింటిలో ఒకటి గాలి దీవి. అక్కడ ఏడాది పొడుగునా గాలే. పైగా మంచినీటి ఊట ఉంది. గాలిమరలు పెట్టి, ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. సిలిండర్లలో నింపి మిగతా మూడు దీవులకూ పంపుతారు. అక్కడి యంత్రాల్లో అది మళ్లీ కరెంటవుతుంది.

మైథిలి తెలుగులో చెప్పబోతే ముసలాయనే అందుకున్నాడు.

"ఈ బాబు మాకు ముందే సెప్పాడమ్మా. గాలిని సీసాలో ఎట్టి పడవెక్కిస్తారు. దీపం ఎలిగాక మిగిలేది పొగ కాదు, నీళ్లు."

 పన్నెండేళ్లుగా టైపు చేసిన ఏ ఫైలూ మైథిలికిలా కళ్ల ముందు కదల్లేదు.

తెర మీద ఆఖరి కాగితం వచ్చింది. మొదటి కరెంటు ఆసుపత్రి ఉన్న దీవికి. తర్వాత హైస్కూలు ఉన్నదానికి, చేపలు నిలవ చేసేదానికి. గాలిమరల కరెంటంతా ఆ మూడింటికే చాలీ చాలదు. గాలి దీవి వంతు ఆరేళ్ల తర్వాత.

"దానికి గాలి దీవి వాళ్లే ఒప్పుకున్నారు సార్. సంతకం ఉంది," అన్నాడు సుధీంద్ర.

మాథుర్ ఫైలు మూసేశాడు.

మీటింగు ముగిసింది. సుధీంద్ర తెర చుట్టుకుంటున్నాడు. బయటికి నడుస్తూ మాథుర్ పక్కాయనతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఏటన్నాడమ్మా ఆ బాబు?"

"కాగితం మీద సంతకం ఎవరైనా పెడతారట. నెత్తిన మరలు తిరుగుతుంటే ఆరేళ్లు చీకట్లో ఎవరుంటారు, రేపు వాళ్లు వెనక్కి తగ్గితే అంతా మునుగుతుంది అంటున్నారు."

ముసలాయన కుర్చీలోంచి లేచాడు.

"తగ్గరని సెప్పమ్మా. నా మాటగా సెప్పు."

"అలాగే," అంది మైథిలి.

చెప్పలేదు. భోజనాల వేళ. డైరెక్టరు గది ముందు అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. పడవ నడిపేవాడి హామీ ఆయనకెందుకులే అనుకుంది.

ఆ సాయంత్రమే వాళ్లంతా రైలెక్కేశారు.

మర్నాడు మాథుర్ ఫైలు మీద రాశాడు: గాలి దీవి పెద్ద స్వయంగా మాట ఇచ్చేదాకా ఆపండి.

ఉత్తరం వెళ్లింది. ఈలోగా అక్కడ వానలు ముదిరాయి. ఆ సముద్రంలో పడవలు తిరగని కాలం. ఆ ఏటికి గాలిమరల పునాదులు లేనట్టే.

అక్టోబరులో జవాబు వచ్చింది. తెలుగులో ఉందని మైథిలి బల్ల మీద పెట్టి వెళ్లారు. కవరు లావుగా ఉంది.

రాసింది గాలి దీవి అంగన్‌వాడీ టీచరు అరుంధతి.

"అయ్యా, మా పెద్దను మాట ఇమ్మన్నారు. ఆయన ఆగస్టులో కాలం చేశారు. అందుకని ఊరంతా వేలిముద్రలు వేశాం. మా వంతు వచ్చేదాకా గాలిమరల కింద కిరసనాయిలు దీపాలతోనే ఉంటాం. ఆసుపత్రి దీవిని ఆపకండి."

ఏడు కాగితాల నిండా వేలిముద్రలు. అరిగిపోయి గీతలు కనబడని ముసలి వేళ్లు. ఒక అంచున, శనగ గింజంత పసివేలు.

మైథిలి లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. అలాగే నిలబడి చివరి కాగితం తిప్పింది.

"మళ్లీ మాట ఎందుకు అడిగారో మాకు అర్థం కాలేదు. మా పెద్ద చిట్టిబాబు గారు జూన్‌లో తొమ్మిది రోజులు ప్రయాణం చేసి మీ ఆఫీసుకొచ్చి, పక్కన కూర్చున్న తెలుగమ్మాయితో ఆ మాట చెప్పే వచ్చానన్నారు."