పేర్లు పోయిన గీతలు

ఊళ్ళో అరవై దాటిన నలభై మంది గుండెలు వాళ్ళ చేతి పట్టీల ద్వారా భూలచ్చవ్వ ఇంటి గోడమీది తెరలో గీతలై కదులుతుంటాయి. ఏ గీత అయినా తప్పితే ఆ మనిషి దగ్గరికి పరుగెత్తడం ఆమె కొలువు. ఆ పొద్దున తెర తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. గీతలన్నీ ఉన్నాయి గాని, పక్కనుండే పేర్లు పోయి ఖాళీ డబ్బాలు మిగిలాయి. వాటిలో ఒక గీత గతి తప్పింది.

తెర ఆపి మళ్ళీ వేసింది. అవే డబ్బాలు. తెర పెట్టిన ఆఫీసుకు ఫోన్ చేసింది.

“కొత్తదాంట్ల తెలుగు అక్షరాలు రాలేదక్కా. పొద్దూకేటాల్లకు సరిజేస్తం,” అన్నాడు అక్కడి ఆపరేటరు.

“అందాక ఆ గుండె ఆగుతదా నాయినా?”

ఫోన్ పెట్టేసి ఆ గీతను మొదటినుంచి చూసింది. తెల్లవారినప్పటినుంచి అది నాలుగుసార్లు నిటారుగా లేచి, కాసేపు నిలిచి, దిగింది. నాలుగోసారి దిగాక కుదుటపడలేదు. నాగలి పట్టినా, మూటలు మోసినా గుండె అట్లా లేవదు.

ఆమె తాటివనానికి పరుగెత్తింది. ఐదో చెట్టు మొదట్లో అంజిలయ్య చెమటలు కక్కుతూ నడుముకు చెట్టెక్కే మోకు బిగిస్తున్నాడు.

“ఎక్కకు బావా. నీ గుండె మంచిగ లేదు. తెరమీద పేర్లు పోయినయి గని, గీతను బట్టి గుర్తువట్టిన.”

“పేర్లే లేకుంటే నాదెట్లయితది? నలభై మంది ముసలోల్లమున్నం.”

“పొద్దుగాల్నే నాలుగు చెట్లెక్కి దిగేటోనివి నువ్వొక్కనివే మిగిలినవ్. దవాఖాన బండిని పిలిచిన, కూసో.”

అంజిలయ్య పైనున్న కల్లు ముంతను చాలాసేపు చూశాడు. మోకు విప్పి ఆమె చేతుల్లో పెట్టాడు.

“మా నాయినది. కింద వెట్టకు,” అని చెట్టుకు చేరగిలబడ్డాడు.