నాన్న నేర్పిన బ్రేకు

ఇప్పుడు కార్లన్నీ వాటంతటవే నడుస్తున్నాయి. ఘాట్ రోడ్డు మీద ఎలా వెళ్ళాలో వాటికి నేర్పింది, ఆ రోడ్డు మీదే డ్రైవరుగా బతికిన మా నాన్న గవరయ్యే. మలుపుకి ముందే హారన్ కొట్టడం, దిగుడులో తొందరపడకపోవడం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే.

ఆయన పోయాక మొదటిసారి అమ్మని అరకు తీసుకెళ్తున్నాను. అమ్మ ఎప్పట్లాగే ముందు సీట్లో, ఎడమవైపు కూర్చుంది. పక్కన నాన్న సీటు ఖాళీ. నేను వెనక కూర్చున్నాను.

"అచ్చం మీ నాన్న తోలినట్టే ఉందే," అంది మురిసిపోతూ.

మలుపులో ఆవు అడ్డొచ్చింది. కారు బ్రేకు వేసింది. అమ్మ ముందుకి తూలుతూనే, గాల్లో దేన్నో పట్టుకోబోయింది. బ్రేకు వేసినప్పుడల్లా నాన్న ఎడమ చెయ్యి ఆమెకి అడ్డంగా వచ్చేది.

ఆవు దాటిపోయింది. కారు కదిలింది.

"అన్నీ నేర్పారు గానీ, ఇదొక్కటీ నేర్పలేదే మీ నాన్న," అంది అమ్మ, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంటూ.