గోడవతల పేడకుప్ప

నాన్న కాలి బొటనవేలికి మళ్లీ చీము పట్టింది.

డాక్టరు కట్టు విప్పి చూసి పెదవి విరిచాడు. "ఇంత గట్టి మందుకీ లొంగలేదంటే ఇదేదో మొండి క్రిమిలా ఉందమ్మా. కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఇవే మాత్రలు వాడదాం. అప్పటికీ తగ్గకపోతే వేలు తీసేయక తప్పదు."

కూతురికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటంతా గోడవతల పేడకుప్ప మీదికి మళ్లింది.

ఆమె ఉద్యోగం కంపోస్టును పరీక్షించడం. వీధిలో అందరూ ఆమెను 'ఎరువుల మేడమ్' అంటారు. పశువులకు ఎడాపెడా మందులు వాడితే అవి పేడలోకి దిగుతాయి, కుప్పను తిరగేసి లోపల బాగా వేడెక్కనివ్వకపోతే అందులోని క్రిములు ఆ మందుకే అలవాటుపడి మొండికేస్తాయి. ఈ మాట చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పెట్టింది. వినేవాళ్లేరీ? పక్కింటి పాలావిడ తన ఒక్కగానొక్క ఆవు పేడను కుప్ప పోసి, పైన నాలుగు ఎండుటాకులు కప్పి, అదే కంపోస్టు అంటుంది. నాన్నేమో దాన్నే బకెట్‌తో తెచ్చి, చెప్పుల్లేకుండా వంగమొక్కలకు వేస్తాడు. వేలికి పార తగిలిందీ అక్కడే.

కుప్పలోంచి గుప్పెడు తీసుకెళ్లి ల్యాబ్‌లో పరీక్షించింది. డాక్టరు నాన్నకు రాసిన మందే అందులోనూ దొరికింది. ఇంకేముంది, నేరుగా పాలావిడ గుమ్మం ముందు నిలబడింది.

"ఆవుకేం మందులు పెడుతున్నావు?"

"గడ్డీ తవుడూ తప్ప నేనేం పెట్టలేదమ్మా."

"మొన్నటిదాకా ఖళ్లుఖళ్లున దగ్గిన ఆవు ఊరికే కోలుకుందా?"

"అదే నాకూ వింతగా ఉంది. దానంతటదే తగ్గింది. ఒట్టు."

"నా చెవిలో పూలు పెట్టకు. నీ పుణ్యాన మా నాన్న వేలు పోయేలా ఉంది. కుప్ప ఎత్తించు, ఆవునీ ఇక్కణ్ణుంచి పంపించెయ్. లేదంటే ఫిర్యాదు చేస్తాను."

పాలావిడ కళ్లొత్తుకుంటూ తలుపేసుకుంది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నాన్న కూతురి మీదే విరుచుకుపడ్డాడు. "నోరులేని జీవం నిన్నేం చేసింది? దాన్ని పంపిస్తే నేనూ పోతాను."

"వేలు తీసేస్తామంటుంటే నీకు ఆవు బెంగా నాన్నా?" ఆమె మాత్రల డబ్బా తీసింది. ఎవరికీ ఏదీ ఎక్కదు, ఈ ఇంట్లో కూడా. "కనీసం మాత్రన్నా వేళకు వేసుకో. నయమైనట్టు అనిపించినా కోర్సు మధ్యలో ఆపకూడదు, తెలిసిందా?"

"తెలిసిందిలే, రోజూ వింటున్నదేగా. అరటిపండు ఇలా పడెయ్."

పండు లేనిదే ఆయనకు మాత్ర దిగదు. అదీ పెరట్లో గాలి తగులుతుంటేనే. ఆమె విసుగ్గా రెండూ చేతిలో పెట్టింది. ఆయన కుంటుకుంటూ పెరట్లోకి వెళ్లాడు.

మంచినీళ్లు మర్చిపోయాడని గుర్తొచ్చి, ఆమె గ్లాసు పట్టుకుని వెనకాలే వెళ్లింది.

నాన్న గోడ మీదికి వంగి, మాత్ర కూరిన అరటిపండును ఆవు నోటికి అందిస్తూ బుజ్జగిస్తున్నాడు: "మింగవే తల్లీ, దగ్గు తగ్గిపోయినా సరే, కోర్సు మధ్యలో ఆపకూడదని మా అమ్మాయి రోజూ నా ప్రాణం తోడేస్తోంది."