ఏడో కోన్

"లక్డీకాపూల్ నుంచి ఒకతను ఆరింటికి వస్తానన్నాడు. మిషన్ కడిగి, తుడిచి పెట్టు," అన్నాడు వీరవెంకటసత్యనారాయణ, ఫోన్ జేబులో వేసుకుంటూ.

కుసుమకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. "అమ్మేశారా?"

"ఇంకా లేదు. చూసి, నచ్చితే పట్టుకెళ్లమన్నాను."

గొడవంతా వంటగది గట్టు మీదున్న సాఫ్టీ ఐస్‌క్రీమ్ మిషన్ గురించి. ఈ దంపతులు అమీర్‌పేటలో నడిపే లేడీస్ హాస్టల్లో ముప్పై రెండు మంది అమ్మాయిలున్నారు. మిషనేమో ఇంట్లో వాడుకునే చిన్నది. ఒకసారి పాలు పోస్తే వచ్చేవి నాలుగు కోన్లు.

"ఆ నాలుగు కోన్లకి ఏడు ముక్కలు ఊడదీసి కడగాలి. ముందే పాలు కలిపి, ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు పెట్టాలి. ఆ మోత వింటే పక్కింటాయన కూడా లేచి కూర్చుంటాడు. మెట్లు దిగి నాలుగడుగులేస్తే మెట్రో స్టేషన్ దగ్గర కోన్ దొరుకుతుంది. దీనివల్ల ఏం ఉపయోగమో ఒక్కటి చెప్పు!"

"ఉద్యోగం రాలేదని ఏడ్చే పిల్ల, మెట్రో దగ్గర లైన్లో నిలబడి కోన్ కొనుక్కుంటుందాండీ?"

అది కుసుమకుమారి పెట్టిన పద్ధతి. ఇంటర్వ్యూ పోయినవాళ్లకే కోన్. ఉద్యోగం వచ్చిన పిల్ల ఎలాగూ స్వీట్లు పంచుతుంది, రాని పిల్ల నోరు ఎవరు తీపి చేస్తారని ఆవిడ వాదన.

"నెల రోజులుగా ఒక్కరూ తినలేదు," అన్నాడాయన. "సరే, ఆరింటిలోపు ఎవరైనా కోన్ కోసం వస్తే మిషన్ ఉంచేద్దాం. లేదంటే అతను పట్టుకుపోతాడు. ఇదే నా మాట."

ఆయన పేరెంత పొడుగో పంతమూ అంత పొడుగు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఇంటా వంటా లేదు.

కుసుమకుమారి మనసులోనే లెక్క వేసుకుంది. ఈరోజు ఫలితం తెలియాల్సింది ఒక్క చంద్రికకే. పంజాగుట్టలో ఏదో ఆఫీసు. ఆ పిల్ల ఇప్పటికి ఆరు కోన్లు తింది, అంటే ఆరు ఇంటర్వ్యూలు పోయాయన్నమాట. మిషన్ ఉండాలంటే ఏడోది కూడా పోవాలి.

ఆ ఆలోచన వచ్చినందుకే ఆవిడ లెంపలేసుకుంది. "పోతే పోనీ పాడు మిషన్. పిల్లకి ఉద్యోగం రావాలి స్వామీ," అని గోడ మీది పటానికి దండం పెట్టుకుంది. తర్వాత ఏడు ముక్కలూ ఊడదీసి కడిగింది. ఒక్కో ముక్కా తుడుస్తూ మధ్యలో కళ్లు కూడా తుడుచుకుంది. గుమ్మం దాకా వచ్చిన ఆయన అది చూసి వెనక్కి తిరిగాడు.

పదకొండింటికి హాస్టల్ ఫోన్ మోగితే ఆయనే తీసి, బాల్కనీలోకి వెళ్లి మాట్లాడి వచ్చాడు.

"ఎవరండీ?"

"వాటర్ క్యాన్ల అతను."

ఆ తర్వాత టీ పెట్టుకుంటానంటూ వంటగదిలో దూరి, అరగంట సేపు గిన్నెలు చప్పుడు చేశాడు. పైగా కూనిరాగం ఒకటి. మిషన్ పోతున్న సంతోషం కాబోలనుకుని ఆవిడకు ఒళ్లు మండింది.

ఐదున్నరకు చంద్రిక వచ్చింది. బ్యాగు భుజం మీంచి జారిపోతున్నా సర్దుకోలేదు. తల ఎత్తలేదు.

"పోయింది ఆంటీ."

కుసుమకుమారి ఆ పిల్లను దగ్గరకు తీసుకుంది. "పోతే పోయిందిలేమ్మా. ముందు కూర్చో," అని వంటగదిలోకి పరుగెత్తి, అంతలోనే నాలిక్కరుచుకుంది. పాలు కలపనే లేదు! ఏమీ తోచక ఫ్రిజ్ తెరిచింది. పై అరలో గిన్నె నిండా కలిపిన పాలు, చల్లగా సిద్ధంగా ఉన్నాయి. వంటమనిషి సుకన్య పనే అయ్యుంటుంది, దాని కడుపు చల్లగుండ అనుకుని పాలు మిషన్లో పోసింది. మిషన్ బర్రుమంటూ మొదలైంది.

హాల్లో ఆయన ఫోన్లో చెబుతున్నాడు. "రావద్దండీ. ఇంట్లో ఉంచేస్తున్నాం." ఫోన్ పెట్టేసి, మొహం ముటముటలాడించుకుంటూ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

చంద్రిక కోన్ అందుకుంది. రెండు సార్లు నాకిందో లేదో కళ్ల నీళ్లు బొటబొటా రాలాయి.

"ఆంటీ, మొదటిసారి పోయినప్పుడు బట్టలు సుత సర్దుకున్న, ఎరికేనా? జూబ్లీ బస్టాండుకు పోయి ఊరి బస్సెక్కుదామనుకున్న. మీరేమో కోన్ చేతుల వెట్టిన్రు. కరిగిపోతదని కూసొని తిన్న. తినేసరికి ఏడుపాగింది. గా రోజు పోయుంటే మల్ల రాకపోదును. మా అమ్మ తర్వాత మీరే ఆంటీ నాకు."

కుసుమకుమారి కొంగుతో ఆ పిల్ల కళ్లు తుడిచింది. ఈ మిషన్ కొన్నందుకు ఇంతకన్నా ఏం కావాలి? "ఊరుకోవే పిచ్చిదానా. ఎనిమిదోసారికి తప్పకుండా వస్తుంది, చూడు."

"ఎనిమిదోసారి లేదు ఆంటీ." చంద్రిక చెయ్యి తుడుచుకుని బ్యాగు జిప్పు లాగింది. లోపలి నుంచి స్వీట్ల డబ్బా తీసి, వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టింది.

కుసుమకుమారి డబ్బా వంకా, పిల్ల వంకా మార్చి మార్చి చూసింది. "మరి పోయిందని ఎందుకు చెప్పావే?"

హాల్లో పేపరు మరికాస్త పైకి లేచింది. చంద్రిక అటు చూసి, ఏడుస్తూనే నవ్వేసింది.

"పొద్దుగాల జాబొచ్చిందని ఫోన్ జేస్తే, 'మీ ఆంటీకి మాత్రం పోయిందనే చెప్పు తల్లీ, పాలు నేను కలిపి పెడతా' అన్నది అంకులే!"